బస్తరు ఆటస్థలాలలో సామాన్యుని కెమెరా

విశాఖపట్నానికి చేరువలోని కొత్తవలస వద్ద మొదలై, తూర్పు కనుమల సొరంగాలను దాటుకుంటూ, అరకు, కోరాపుట్‌ల మీదుగా కిరందుల్ చేరే రైలు మార్గం 1960లలో నిర్మితమైంది. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన ఈ మార్గం మీదనే బస్తరు ప్రాంతపు ముఖ్యపట్టణమైన జగదల్‌పూర్ ఉంది. శబరి ఒడ్డున కుంట, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువలో భోపాలపట్నం నేటికీ తెలుగు వినిపించే ఊళ్ళు. ఓరుగల్లు కాకతీయ వంశానికి చెందిన అన్నమదేవుడు 14వ శతాబ్దంలో ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశ సంప్రదాయం చెబుతుంది. ఇంత దగ్గరి పొరుగువారమై ఉండి కూడా, బస్తరు అనగానే మన కళ్ళ ముందు నిలిచే చిత్రాలు రెండే రకాలు. ఒకటి కొమ్ముల తలపాగాలతో నృత్యం, రెండవది తుపాకి. ఆ రెంటికీ నడుమ, ప్రతి పాఠశాల వెనుక ఎర్రమట్టి మైదానంలో సాయంకాలం ఆడుకునే పిల్లలు మాత్రం ఛాయాచిత్రాలలో చాలా అరుదుగా కనిపిస్తారు.

ఆ కొరతను తీర్చడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఉపాధ్యాయుని చేతిలోని ఫోను కెమెరా చాలు. కళాశాల విద్యార్థి దగ్గరున్న పాత డిజిటల్ కెమెరా అయినా సరే. అయితే క్రీడలను చిత్రించడంలో కొన్ని మెలకువలున్నాయి. బస్తరులో చిత్రించడానికి మరికొంత వివేకం కూడా కావాలి.

మొదట ఆటల సంగతి. పూర్వపు అవిభక్త బస్తరు జిల్లా కేరళ రాష్ట్రం కంటె విస్తీర్ణంలో కొంచెం పెద్దది. 1998లోను, 2007లోను, 2012లోను జరిగిన విభజనల ఫలితంగా అది బస్తరు, కాంకేర్, దంతెవాడ, నారాయణపూర్, బీజాపూర్, కొండగావ్, సుక్మా అనే ఏడు జిల్లాలైంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో చేర్చిన ఆటల పేర్లు చూస్తే తెలుగు పాఠకునికి ఒక్కటీ కొత్తగా తోచదు. గిల్లీ దండా మన గోటీబిళ్ళ. పిట్ఠుల్ మన ఏడుపెంకులాట. భౌఁరా బొంగరం, బాంటీ గోళీలు, బిల్లస్ తొక్కుడుబిళ్ళకు దగ్గరి చుట్టం. గేడీ అంటే వెదురు కర్రల మీద నిలబడి నడవడం, పరుగెత్తడం. శ్రావణ అమావాస్యనాటి హరేలీ పండుగకు పల్లెల్లో పిల్లలు ఈ కర్రకాళ్ళు ఎక్కి తిరుగుతారు. 2024 నవంబరు, డిసెంబరు మాసాలలో బస్తరు ఒలింపిక్స్ పేరిట ఏడు జిల్లాలకు కలిపి జరిగిన పోటీలలో లక్షా అరవై వేలకు పైగా క్రీడాకారులు పేరు నమోదు చేసుకున్నారు. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హాకీ, ఫుట్‌బాల్, తాడు లాగే పోటీ మొదలైన పదకొండు క్రీడలు, బ్లాకు స్థాయి నుండి డివిజన్ స్థాయి దాకా సాగి జగదల్‌పూర్‌లో ముగిశాయి. 2025లో అవి రెండవసారి జరిగాయి. ఇంతటి క్రీడోత్సాహంలో పత్రికల వారి కెమెరాలు ముగింపు ఉత్సవానికే చేరతాయి. బ్లాకు స్థాయి పోటీని చిత్రించేవాడు ఆ ఊరివాడే కావాలి.

చేతిలో ఉన్న కెమెరా బలహీనమైనదని నిరుత్సాహపడనక్కరలేదు. 1970లలో మన ఇళ్ళలో ఉండిన ఆగ్ఫా క్లిక్-3 వంటి పెట్టె కెమెరాలో 120 ఫిల్ము వేస్తే పన్నెండు చిత్రాలు వచ్చేవి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము ఆ రోజులలో ఊరూరా దొరికేది. ఆ కెమెరా షట్టరుకు ఉన్నది ఒకే వేగం. సెకనులో సుమారు ముప్పయ్యో వంతుకూ యాభయ్యో వంతుకూ మధ్య. దానితో పరుగు పందెం చిత్రిస్తే ఏమయ్యేదో లెక్క కట్టవచ్చు. సెకనుకు ఎనిమిది మీటర్లు పరుగెత్తే బాలుడు సెకనులో యాభయ్యో వంతు కాలంలో పదహారు సెంటీమీటర్లు ముందుకు సాగుతాడు. అంటే చిత్రంలో అతని ముఖం ఒక జానెడు మేర అలికినట్లుంటుంది. అదే ఎనిమిది వందలో వంతు కాలంలో అతడు కదిలేది ఒక్క సెంటీమీటరు; కంటికి అది స్పష్టమైన చిత్రమే.

ఎనిమిది వందలో వంతు వేగం సామాన్య కెమెరాకు ఎక్కడి నుండి వస్తుంది? వెలుగు నుండి. ఫోటోగ్రాఫర్లు చిరకాలంగా పాటిస్తున్న సూత్రం ఒకటి ఉన్నది: నిండు ఎండలో రంధ్రాన్ని ఎఫ్-16 వద్ద ఉంచితే, షట్టరు వేగం ఫిల్ము వేగపు సంఖ్యకు సమానంగా ఉంచాలి. ఫిల్ము వేగం 100 అయితే సెకనులో నూరో వంతు. కెమెరాతోపాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు దూరపు చివర ఎఫ్-5.6 వరకు తెరుచుకుంటుంది. అది ఎఫ్-16 కంటె మూడు మెట్లు ఎక్కువ. ఒక్కొక్క మెట్టుకు వెలుగు రెట్టింపు కనుక, నూరో వంతు కాస్తా ఎనిమిది వందలో వంతు అవుతుంది. అంటే ఉదయం తొమ్మిది గంటల ఎండలో అతి సామాన్యమైన లెన్సు కూడా పరుగును నిలిపివేయగలదు. సాయంకాలం మైదానం మీద చెట్ల నీడ పడినప్పుడు వెలుగు నాలుగు మెట్లు తగ్గిందనుకుందాము. అప్పుడు అదే వేగం కావాలంటే కెమెరాలోని సూక్ష్మగ్రాహ్యతను 100 నుండి 1600కు పెంచవలసి వస్తుంది. చిత్రం కొంచెం గరుకుగా రావచ్చు. గరుకుతనం క్షమించదగిన దోషం. అలికిన ముఖం కాదు.

కాబట్టి పోటీల వేళను బట్టి, ఋతువును బట్టి చిత్రకారుడు తన పని నిర్ణయించుకోవాలి. జగదల్‌పూర్ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆటగాని కళ్ళు నుదుటి నీడలో మునిగిపోతాయి. డిసెంబరు మూడవ వారంలోనైతే మధ్యాహ్న సూర్యుడు సైతం 48 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అందువల్ల రోజంతా వెలుగు పక్కనుండి, ముఖం మీద పడుతుంది. వరికోతలు ముగిసి, ఊళ్ళలో పోటీలు జరిగే కాలం ఇదే కావడం ఛాయాగ్రాహకుని అదృష్టం. ఉదయం పొగమంచు తొలగేదాకా మాత్రం ఓపిక పట్టాలి. సాయంత్రం అయిదు దాటితే వెలుగు చకచకా జారిపోతుంది.

వెలుగు సరే, క్షణం మాటేమిటి? ఫోను కెమెరాలలో మనం మీట నొక్కిన తరువాత చిత్రం నమోదు కావడానికి కొంత ఆలస్యం జరుగుతూ ఉంటుంది. అది సెకనులో పదో వంతే అయినా మన పరుగువీరుడు ఆ లోగా ఎనభై సెంటీమీటర్లు సాగిపోతాడు. గీత దగ్గర తీయాలనుకున్న చిత్రంలో గీత ఒక చోట, అతడు మరొక చోట. దీనికి ఉపాయాన్ని 1878లోనే ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ చూపాడు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో గుర్రపు పరుగును చిత్రించడానికి అతడు గుర్రం వెంట కెమెరాను పరుగెత్తించలేదు. బాట పొడవునా పన్నెండు కెమెరాలు వరుసగా అమర్చి, బాటకు అడ్డంగా దారాలు కట్టి, గుర్రమే వచ్చి దారం తెంపేదాకా వేచి ఉన్నాడు. గుర్రం నాలుగు కాళ్ళూ ఒకే క్షణంలో నేలను వీడతాయని లోకానికి తెలిసింది అలాగే. మన పద్ధతి కూడా అదే కావాలి. ఆటగాడు ఎక్కడికి వస్తాడో ముందే ఊహించి, ఆ చోటి మీద దృష్టిని స్థిరపరచి (ఫోనులో తెర మీద ఆ చోట వేలితో కొంచెంసేపు అదిమితే దృష్టి అక్కడ నిలుస్తుంది) అతడు రావడానికి క్షణం ముందే మీట నొక్కి, వదలకుండా పట్టుకుంటే వరుసగా అనేక చిత్రాలు వస్తాయి. వాటిలో ఒకటి పనికివస్తుంది.

మరొక రహస్యం ఏమిటంటే, చాలా ఆటలలో వేగం ఒక్కక్షణం తనంతట తానే ఆగుతుంది. ఎత్తుకు ఎగిరినవాడు శిఖరాన పైకీ పోడు, కిందికీ రాడు. వాలీబాల్‌లో బంతిని బాదడానికి ఎగిరిన చేయి వెనక్కి వంగి ఒక్క లిప్తకాలం నిలుస్తుంది. విలుకాడు వింటిని పూర్తిగా లాగి గురి చూస్తూ రెండు మూడు సెకన్లు శిలలా ఉంటాడు. తాడు లాగే పోటీలో ఇరుపక్షాల బలం సమమైనప్పుడు ఎవరూ కదలరు. మడమలు నేలలో దిగిపోయి, ముఖాలు బిగుసుకుని ఉంటాయి. చీరలు గోచీగా బిగించి తాడు పట్టిన స్త్రీల జట్టును నేల మట్టం నుండి చిత్రిస్తే, పెట్టె కెమెరాకైనా లొంగే చిత్రం అది. విలువిద్య విషయంలో ఒక్క హెచ్చరిక: చిత్రం కోసమని బాణం వేసే గీత దాటి ఒక్క అడుగైనా ముందుకు పోరాదు. గీతకు వెనుక, విలుకానికి పక్కగా నిలిచి తీసిన చిత్రంలోనే అతని కన్ను, వేలు, నారి ఒక్క వరుసలో కనిపిస్తాయి.

కబడ్డీని గురించి కొంత విపులంగా చెప్పాలి. మన చెడుగుడు కాబట్టి మనకు తెలిసినదే అనుకుంటాము గాని, దానిని సరిగా చిత్రించినవారు తక్కువ. పురుషుల మైదానం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకు వచ్చినవానికి ముప్పయి సెకన్ల గడువు. సాధారణంగా జనం మధ్యగీత పక్కన గుమిగూడతారు. కెమెరా పట్టినవారూ అక్కడే నిలుస్తారు. ఫలితంగా చిత్రంలో కూతగాని భుజం, కాపుదారుల వీపులు తప్ప మరేమీ రావు. మైదానపు వెనుక గీత మూలకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. కూతగాడు మనవైపే వస్తాడు. అతని కన్నులు, చాచిన చేయి, గొలుసుగా చేతులు పట్టుకున్న కాపుదారుల వంగిన నడుములు ఒక్కసారిగా చట్రంలోకి వస్తాయి. మనవైపు వచ్చే కదలిక కెమెరాకు అడ్డంగా పోయే కదలిక కంటె చాలా తక్కువగా అలుకుతుంది; ఇది నిదానమైన షట్టరుకు గొప్ప ఉపకారం. మొదటి పది సెకన్లు కెమెరాకు పని ఉండదు. కూతగాడు ఒక కాలు వెనక్కి మళ్ళించిన క్షణాన్ని కనిపెట్టాలి. తిరిగి పోవాలన్న అతని ఆలోచన ముఖంలో కంటె ముందు మడమలో తెలుస్తుంది. పట్టు పడేది అప్పుడే.

ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు విడిచి ఒకరు ఎదురెదురు దిశలకు ముఖం పెట్టి కూర్చుంటారు. స్తంభం దగ్గర కాపు వేసి ఉంటే చాలు. పరుగెత్తేవాడు, తరిమేవాడు ఎన్నిసార్లయినా అక్కడికే వస్తారు. ఫుట్‌బాల్, హాకీలు చిన్న లెన్సుకు అందని ఆటలు. మైదానం పెద్దది, బంతి ఎక్కడో ఉంటుంది. జూమ్ పేరిట ఫోను చేసేది చిత్రాన్ని కత్తిరించి పెద్దది చేయడమే కాబట్టి దానిని నమ్ముకోరాదు. గోలు వెనుక నిలవడం, లేకుంటే విరామ సమయంలో జట్టును చిత్రించడం మేలు.

నారాయణపూర్ మల్లఖంబ బాలబాలికల పేరు చాలామంది విన్నదే. అబూజ్‌మాడ్ కొండల పల్లెల నుండి వచ్చి శిక్షణ పొందిన ఆ జట్టు 2023లో దూరదర్శకంలో ప్రసారమైన జాతీయస్థాయి ప్రతిభా పోటీ 'ఇండియాస్ గాట్ టాలెంట్'లో విజేతగా నిలిచింది. టేకు స్తంభం మీద శరీరాన్ని ఒక భంగిమలో నిలిపి ఉంచడమే మల్లఖంబంలోని కౌశలం. కనుక ఇది సామాన్య కెమెరా కోసమే పుట్టిన క్రీడవంటిది. అయితే స్తంభం వెనుక తెల్లని ఆకాశం ఉంటే పిల్లవాడు నల్లని నీడబొమ్మ అవుతాడు. రెండడుగులు పక్కకు జరిగితే వెనుక సాలవృక్షాల ముదురు ఆకుపచ్చ తెర వస్తుంది.

ఈ నీడబొమ్మల సమస్యకు సాంకేతికమైనదే కాక చారిత్రకమైన కారణం కూడా ఉన్నది. చట్రంలోని మొత్తం వెలుగును చూసి, సగటున ఎంత ఉండాలో కెమెరా తనంతట తానే నిర్ణయిస్తుంది. సున్నపు గీతలు, తెల్లని ఆకాశం ఎక్కువగా ఉంటే వెలుగు చాలునని భావించి తగ్గించివేస్తుంది. చామనఛాయ ముఖాలు చీకటిలో పోతాయి. అమెరికాలోని కోడక్ సంస్థ రంగుల ముద్రణను సరిచూసుకోవడానికి 1950ల నుండి ప్రయోగశాలలకు పంపిన ప్రమాణ చిత్రాలలో ఉండినది తెల్లజాతి యువతి. ఆమె చర్మానికి సరిపోయేలా సరిదిద్దిన రంగులలో నల్లని ముఖాలలోని ఛాయాభేదాలు అణగిపోయాయి. ఆ లోపాన్ని సరిదిద్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇంతకూ మన చేతిలోని ఉపాయం సులభం. ఎండలో ఉన్న పచ్చగడ్డిని చూపి వెలుగును కొలిచి, ఆ కొలతను అలాగే నిలిపి ఉంచి ఆటగాని వైపు తిప్పాలి. ఫోనులోనైతే ముఖం మీద వేలుంచి వెలుగును కొంచెం పెంచాలి. ఆకాశం తెల్లబోతే పోనివ్వండి.

ఇంతవరకు చెప్పినది కెమెరాను గురించి. బస్తరులో కెమెరా పట్టినవాడు తెలుసుకోవలసిన మరొక చరిత్ర ఉన్నది. నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చేంద్రు అనే మురియా బాలుడు 1950లలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. స్వీడన్ దేశపు దర్శకుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్ బస్తరు అడవులలో ఉండి తీసిన చిత్రంలో ఆ బాలుడు పులితో కలిసి తిరిగాడు, ఆడాడు. 1957లో వెలువడిన ఆ చిత్రానికి పండిత రవిశంకర్ సంగీతం కూర్చారు. దర్శకుని భార్య ఆస్ట్రిడ్ తీసిన ఛాయాచిత్రాలతో చేంద్రు కథ బాలల పుస్తకమై పలు దేశాలకు వెళ్ళింది. చేంద్రు స్వీడన్ కూడా చూసి వచ్చాడు. తిరిగి వచ్చిన తరువాత అదే గ్రామంలో, అదే పేదరికంలో జీవించి 2013లో మరణించాడు. ఆ చిత్రాలు అందమైనవి కావని ఎవరూ అనలేరు. కాని చిత్రం ఎంత దూరం ప్రయాణించిందో, చిత్రితుడు అంత వెనుకబడిపోయాడు. తరువాతి కాలంలో బస్తరుకు వచ్చిన కెమెరాలలో ఎక్కువ భాగం యువతీయువకుల అలంకారాలను, శరీరాలను వెదికాయన్నది దాచవలసిన సంగతి కాదు. 1980ల ఆరంభం నుండి అబూజ్‌మాడ్‌లోకి బయటివారి ప్రవేశం మీద ఉన్న ఆంక్ష 2009లో గాని తొలగలేదు.

అందువల్ల అనుమతి అడగడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు. మైదానానికి చేరగానే 'జోహార్' అని పలకరించి, గురూజీనీ గ్రామ పెద్దనూ కలిసి, చిత్రాలు ఎందుకోసమో చెప్పాలి. హల్బీ, గోండీ రాకపోయినా హిందీ చాలామందికి అర్థమవుతుంది. కుంట వైపు తెలుగే సరిపోతుంది. బాలబాలికల చిత్రాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పరుగెత్తే బాలిక చిత్రం ఎంత బాగా వచ్చినా, దుస్తులు చెదిరిన క్షణంలో తీసినదైతే దానిని అప్పుడే చెరిపివేయాలి.

మరొకటి ఇంతకంటె గంభీరమైనది. 2024 బస్తరు ఒలింపిక్స్‌లో లొంగిపోయిన మావోయిస్టులు, హింసలో అవయవాలు కోల్పోయినవారు కూడా పాల్గొన్నారు. వారికోసం 'నువా బాట్', అనగా కొత్త బాట అనే పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పరిచారు. నిన్నటిదాకా ఎదురెదురుగా ఉన్నవారు ఒకే తాడు పట్టుకుని లాగడం కంటె గొప్ప దృశ్యం ఛాయాగ్రాహకునికి ఎక్కడ దొరుకుతుంది? అయినా మీట నొక్కే ముందు ఆలోచించాలి. ఒక ముఖం, దానికింద పేరు, ఊరు అచ్చయితే ఆ మనిషికి, ఇంకా గ్రామంలోనే ఉన్న అతని తల్లిదండ్రులకు ప్రాణాపాయం కలగవచ్చు. అటువంటి చోట చేతులను, తాడును, దుమ్ము రేపుతున్న పాదాలను చిత్రించవచ్చు. వారే స్వయంగా కోరితే తప్ప ముఖం వద్దు. భద్రతా దళాల శిబిరాల పక్కన మైదానాలు చాలా ఉన్నాయి. శిబిరం కంచె, కాపలా గుమ్మటం చట్రంలోకి రాకుండా నిలవడం చిత్రకారుని క్షేమానికి కూడా మంచిది.

చిన్న లెన్సు వల్ల ఒక మేలు ఉన్నదని నా అభిప్రాయం. పొడవాటి లెన్సు గలవాడు వంద గజాల దూరం నుండి ఎవరికీ తెలియకుండా చిత్రించుకుపోగలడు. చిన్న లెన్సు గలవానికి ఆ అవకాశం లేదు. అతడు గీత దాకా వెళ్ళాలి, పిల్లల పక్కన కూర్చోవాలి, వారి ప్రశ్నలకు బదులు చెప్పాలి, తీసిన చిత్రం తెర మీద చూపాలి. రెండవ రోజుకు పిల్లలు కెమెరా వైపు చూడటం మానివేస్తారు. మంచి చిత్రాలు అప్పుడు మొదలవుతాయి.

తీసిన చిత్రాలను ఫోనులోనే ఉంచుకుంటే అవి ఏడాది తిరగకుండా కనుమరుగవుతాయి. ప్రతి పోటీ నుండి పది చిత్రాలు ఏరి, పోస్టుకార్డు పరిమాణంలో అచ్చు వేయించి, ఒక ప్రతి ఆటగాళ్ళకు, ఒక ప్రతి పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వాలి. పటం వెనుక మెత్తని పెన్సిలుతో తేదీ, గ్రామం, జట్ల పేర్లు, ఆట ఫలితం వ్రాయాలి. ఇంకు వానకాలపు చెమ్మకు ముందువైపుకు ఊరుతుంది. జూన్ నుండి సెప్టెంబరు దాకా బస్తరులో లెన్సుకు బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. తోలు సంచిలో కాక, గట్టి మూత గల డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా గుళికల పొట్లంతో పాటు కెమెరాను ఉంచి, వారానికి ఒకసారి ఆ గుళికలను బయటికి తీసి వేడిచేసి ఆరబెట్టాలి. ఎర్రమట్టి దుమ్మును గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ముందుగా రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరువాతనే మెత్తని పాత నూలుగుడ్డ వాడాలి.